మారన కలిపిన పిండి

ధూమగిరి కోటలోంచి నా కొడుకును లవంగాల గోనెలో పెట్టి బయటికి తెచ్చాను.

సరుకు లోపలికి చేర్చడం, లోపలి సరుకు బయటికి తేవడం, నాకు చేతనైన విద్య అదొక్కటే. కత్తి పట్టలేను. మంత్రం రాదు. అందుకే మాంత్రికుడు భస్మకేతుడి గుమ్మానికి దక్షిణ దీవుల లవంగాల వర్తకుడి వేషంలో వెళ్లాను. గడ్డానికి గోరింటాకు పట్టించి ఎర్రగా చేశాను. చెవులకు శంఖపు పోగులు పెట్టుకున్నాను. నందిసెట్టి అనే నా పేరు కొండ అవతలే వదిలేశాను. ఆ కోట నిండా ఎప్పుడూ బూడిద వాసన. దాన్ని కప్పిపుచ్చడానికి భస్మకేతుడు గదిగదికీ లవంగాల పొగ వేయిస్తాడని ఉప్పుబండ్ల వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. అవసరం ఎక్కడుందో తెలిశాక తలుపు ఎక్కడుందో వెతకనక్కర్లేదు.

ఆ ఉప్పుబండ్ల వాళ్లే ఇంకో మాట కూడా చెప్పారు. కోట వంటశాల ముందు లవంగాలు దంచుతున్న పనివాళ్లలో మా మారన కనిపించాడన్నారు. నిరుడు వానలకు ముందు వాడు సరుకు వేసుకుని కొండదారి పట్టాడు. వానలు వెలిశాయి, చలి వచ్చి పోయింది, వాడు రాలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేశాం. కోడలు కుందన అప్పుడు నిండు నెలలతో ఉంది. ఆ బొమ్మ కాలుతున్నప్పుడు లోపల బిడ్డ కదిలిందని నా భార్య పొన్నాంబను పట్టుకుని ఏడ్చింది.

ధూమగిరిని ఒకసారి చూసినవాడు మరిచిపోలేడు. నల్లరాతి కొండనే తొలిచి కోట చేశారు. బురుజులన్నీ ఏనుగు తలలు. వాటి తొండాల్లోంచి తెల్లటి పొగ ఎడతెగకుండా కారుతుంటుంది. ప్రాకారం మీద గద్దలు బారులు తీరి కూర్చుని ఉంటాయి. దగ్గరికి వెళితే వాటికి ఈకలు లేవు, ముక్కులు లేవు, గద్ద ఆకారంలో ఉన్న పొగ మాత్రమే. సింహద్వారం తలుపు మీద మకరాలు, తీగలు, పూలగుత్తులు చెక్కి, నడుమ భస్మకేతుడి ముఖం నిలిపారు. కళ్లకు కెంపులు పొదిగారు. ఆ కెంపులు మేలురకానివి కావని గడప దాటకముందే గమనించాను. మనిషి భయపడుతున్నప్పుడు కూడా అలవాటైన కన్ను తన పని తాను చేస్తుంది.

నడిమి వాకిట్లో రోటి ముందు మారన ఉన్నాడు. నా ఎర్రగడ్డం చూడలేదు, పోగులు చూడలేదు. నా నడక చూశాడు.

"కుడికాలు ఇంకా ఈడుస్తున్నారు నాన్నా," అన్నాడు, రోకలి ఆపకుండా.

"గోనెలో దూరు. నోరెత్తకు."

వాణ్ని గోనెలో ముడుచుకోమని, మీద లవంగాలు పోసి, మూతి కుట్టేశాను. రకం నచ్చలేదని కోట వంటవాడే తిరగ్గొట్టిన గోనెలని చెప్పి మోతగాళ్ల చేత మోయించాను. ద్వారం దగ్గర కాపలావాడు ఒక్కో గోనెలో ఇనప చువ్వ గుచ్చి చూస్తున్నాడు. మారన ఉన్న గోనెలో పిడిదాకా గుచ్చాడు. నా ప్రాణం ఆ చువ్వ చివరన నిలబడింది. చువ్వ శుభ్రంగా బయటికి వచ్చింది, దానికి రక్తం లేదు. తప్పిందనుకున్నాను.

మోతగాళ్లను పంపించేసి గోనె విప్పేసరికి కోట మీది గద్దలు లేచాయి. ఆకాశం సగం తెల్లబడింది. లోయ మీద తాళ్ల వంతెన ఉంది. దాని మీద పరుగెత్తుతుంటే వెనక పలకలు ఒక్కొక్కటే బూడిదై రాలిపోతున్నాయి. గద్ద రెక్క తగిలిన తాడల్లా పుటుక్కున తెగుతోంది. అవతలి గట్టు చేరి, మిగిలిన తాళ్లు నేనే కోసేశాను. అయినా గద్దలకు వంతెనతో పనేముంది? మీదికి వచ్చాయి. మారనను లాగి గట్టు కింద బండసందులో దూర్చి నేనూ దూరాను.

"ఇక్కడే ఎందుకు నాన్నా? అడవిలోకి పోదాం."

"పొద్దు నడినెత్తికి రానీ."

ఆ లోయలో మధ్యాహ్నం కాగానే కింది నుంచి గాలి తన్నుకొస్తుంది. ఆ గాలికి జడిసి బండ్లవాళ్లు ఆ వేళకు ఎడ్లను విప్పేస్తారు. అనుకున్నట్టే ఈల వేస్తూ గాలి లేచింది. గద్దలు ముందు సాగి, తర్వాత చిరిగి, దూదిపింజల్లా కొండల మీదికి కొట్టుకుపోయాయి.

ఆ సాయంత్రమే నీలవేగ నది మీద తెప్ప కట్టాం. సుడిలో తెప్ప విడిపోయింది. నాకు ఈత రాదు. మారన నన్ను వీపున వేసుకుని, బండల నడుమ ఈది, ఒడ్డున పడేశాడు. నేను ఆయాసపడుతున్నాను. వాడు ఆయాసపడలేదు. వాడి ఒళ్లు ఏటినీళ్లంత చల్లగా ఉంది. నీళ్లలో నానినవాడి ఒళ్లు చల్లగానే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇంత తేలిగ్గా దొరికిన సరుకులో ఏదో లోపం ఉంటుందని నా వ్యాపారమంతా నాకు చెబుతోంది. అది కొనబోయే మనిషికి ఎంత కావలసిన సరుకో కూడా చెబుతోంది. ఎక్కువ కావలసినవాడు సరిగా చూడడు.

*

మా ఊరు రేగులగుట్ట. వేణుపురి రాజ్యానికి పడమటి అంచు. గుట్ట నిండా రేగుచెట్లు. కాయ పండే రోజుల్లో గుట్టకు ఎర్రటి శాలువా కప్పినట్టు ఉంటుంది, ఊరంతా తియ్యటి పులుపు వాసన. ప్రతి ఇంటి ముందూ మట్టితో కట్టిన గుండ్రటి బట్టీ. అందులో రేగు పొంగురొట్టెలు కాలుస్తారు. గోధుమపిండిని పులియబెట్టి, మధ్యలో రేగుపండ్లూ బెల్లమూ శొంఠీ ఉడికించిన పూర్ణం పెట్టి, అంచులు మడిచి, పైన మీగడ పూసి కాలిస్తే తామరమొగ్గల్లా విచ్చుకుంటాయి.

పాలకు మజ్జిగ తోడు వేసినట్టు, పిండికి పాత పులిసిన ముద్దలోంచి కొంచెం తీసి కలుపుతారు. దాన్ని తోడుముద్ద అంటాం. అత్త చేతిలోంచి కోడలి చేతికి వస్తుంది. రోజూ దానికి పిండీ నీళ్లూ పెట్టి, చలికి గొంగడి కప్పి, పసిబిడ్డలా సాకుతారు. అది ప్రాణం ఉన్న వస్తువు. ప్రాణం ఉన్న చేతినే ఒప్పుకుంటుంది.

ఆ నమ్మకం మీదే మా ఊరి కట్టుబాటు నిలబడింది. భస్మకేతుడు తను పట్టుకున్న మనుషులకు నీడలు తయారు చేస్తాడు. రూపం అదే, గొంతు అదే, జ్ఞాపకాలూ అవే. తాను నీడనని ఆ నీడకే తెలియదు. అలాంటిది ఇంట్లో చేరితే పక్కన పడుకున్నవాళ్ల ఊపిరి కొంచెం కొంచెంగా లాక్కుంటుంది, ముందు పసివాళ్లదే. అందుకని, దహనం జరిగాక తిరిగివచ్చిన మనిషి ఎవరైనా గడప తొక్కకముందు వాకిట్లో కూర్చుని పిండి కలపాలి. పిండి పొంగితే మనిషి. అప్పటిదాకా తల్లయినా వాణ్ని ముట్టుకోకూడదు.

పొద్దున్నే వీధి మొదట్లో తలారి ఓబన్న బల్లెం అడ్డం పెట్టాడు. ఊరి కాపలా, కట్టుబాటు కాపలా రెండూ అతనివే.

"సెట్టిగారూ, ఆ గడ్డమేంటండీ? కుంకుడుకాయ పెట్టి తోమినా వదిలేలా లేదే," అని నవ్వబోయాడు. నా వెనకున్నవాణ్ని చూసి ఆగాడు.

"మా వాడే," అన్నాను.

"మీవాడేనండి. చూస్తూనే ఉన్నాను. అయినా పిండి కలపాలి."

"తెలుసు ఓబన్నా. నడు."

పొన్నాంబ వాకిట్లోకి వచ్చి నిలబడింది. పరుగెత్తుకు రాలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది, లేకపోతే ఆ చేతులు ఆగవని.

"చిక్కిపోయావురా," అంది.

"నువ్వూ అంతేనే అమ్మా. మేమిద్దరం లేక తిట్టే పని తప్పింది, ఇంకా ఒళ్లు చేస్తావనుకున్నాను."

ఆవిడ కొంగు చుట్టిన చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేకపోయాను.

గడప లోపల కుందన బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. ఆడపిల్ల, ఇప్పుడిప్పుడే పాకుతోంది. "దీనికి ఇంకా పేరు పెట్టలేదండీ. మీరొచ్చి పెడతారని చెబితే అందరూ నన్ను పిచ్చిదానిలా చూశారు," అంది మారనతో.

"పిండి పొంగనీ. పెడతాను," అన్నాడు వాడు.

పొన్నాంబ పీట వేసి, పిండీ గోరువెచ్చటి పాలూ తోడుముద్దా ఇచ్చింది. మారన కలిపాడు. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని నేర్చుకున్న చెయ్యి, మడిచి, నెట్టి, తిప్పి, మళ్లీ మడిచి. వీధివీధంతా చేరి చూస్తోంది. ముద్ద నున్నగా అయ్యాక తడిబట్ట కప్పి ఎండపొడలో పెట్టారు. ఆడవాళ్లు రేగుపండ్ల గింజలు తీస్తూ కూర్చున్నారు. బెల్లం పాకం పొయ్యి మీద ఉడుకుతోంది. ఎవరూ పాట ఎత్తుకోలేదు.

ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చింది. పొన్నాంబ బట్ట తీసింది. ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచిపోయింది.

ఓబన్న బల్లెం మీద చెయ్యి మార్చుకున్నాడు.

"ఆగు," అన్నాను. "వాడి చేతులు వాసన చూడు. లవంగాలు. నెలల తరబడి దంచాడు, గోనెలో కూర్చుని వచ్చాడు. లవంగం నూనె తగిలితే తోడుముద్ద చస్తుంది. ఒకే బండిలో ఆ రెండూ వేస్తే తోడు కుండలు పాడైపోతాయని ఏ బండివాణ్ని అడిగినా చెబుతాడు. ఈ లెక్కన నేను కలిపినా పొంగదు."

"అయితే కలపండి, చూద్దాం," అన్నాడు ఓబన్న.

నేనూ కలిపాను. నాదీ పొంగలేదు. మళ్లీ ఎండ కదిలేదాకా కూర్చున్నాం, అది రాయిలా పడి ఉంది.

"మరైతే సెట్టిగారూ, మీరూ నీడేనాండీ?" అన్నాడు ఓబన్న. వీధిలో పలచగా నవ్వు పాకింది. గింజలు తీస్తున్న ఆడవాళ్లలో ఒకరిద్దరు గట్టిగా ఊపిరి వదిలారు. పొన్నాంబ నా వంక చూసిన చూపు నాకు కొత్త. ఇన్నేళ్ల కాపురంలో నా వ్యాపారపు తెలివి ఆవిడకు పనికొచ్చింది అదే మొదటిసారి కాబోలు.

"చేతులు కడుక్కోండి, ఇద్దరూ. కడిగి మళ్లీ కలపండి," అంది.

నువ్వులనూనె రాసి, సున్నిపిండితో రుద్ది, వేడినీళ్లతో కడిగాం. మళ్లీ నూనె, మళ్లీ సున్నిపిండి. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మోచేతుల దాకా. పొన్నాంబ మా ఇద్దరి చేతులూ దూరం నుంచి వాసన చూసి, ఇంకా కడగమంది. ఇక లవంగం వాసన రవ్వంత లేదనుకున్నాక ఆపాం. భుజాల దాకా నీళ్లు పోసుకోవడానికి మారన చొక్కా విప్పాడు. నేను వాడి వెనక ఉన్నాను. కుడిభుజం కింద చువ్వ గుచ్చిన రంధ్రం కనబడింది. రక్తం లేదు, చీము లేదు. అంచు చుట్టూ మెత్తటి బూడిద.

నేను తువ్వాలు అందుకుని వాడి భుజం మీద కప్పాను. కప్పి, ఏమీ చూడనట్టు ముందుకు వచ్చాను.

ఇద్దరం పక్కపక్కన కూర్చుని కలిపాం. ఒకే పిండి, ఒకే పాలు, ఒకే కుండలోని తోడుముద్ద. రెండు ముద్దలూ ఒకే బట్ట కింద పెట్టారు. ఎండ ఎర్రబడే వేళకు బట్ట ఒకవైపు మెల్లగా లేవడం మొదలెట్టింది, నా వైపు. అది ఉబ్బి, బుడగలు కట్టి, బట్టను గుడారంలా ఎత్తింది. రెండో వైపు బట్ట నేలనే ఉంది.

పొన్నాంబ బట్ట తియ్యలేదు. తియ్యనక్కర్లేదు.

*

ఓబన్న నన్ను బట్టీ వెనక్కి పిలిచాడు.

"కట్టుబాటు మీకు తెలుసు. పొంగని పిండిని కూడా కాలుస్తారు. ఆ బట్టీ చల్లారేలోగా నీడను సున్నపుబట్టీకి తీసుకెళ్లాలి. నేనే తీసుకెళ్లాలి."

"తెలుసు."

"తెలియంది ఒకటుంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు." అతను బల్లెం గోడకు ఆనించాడు. "మా తమ్ముడి నీడ వచ్చినప్పుడు సున్నపుబట్టీలోకి నేనే నెట్టాను. నన్ను అన్నా అనే పిలిచింది. సరే, కట్టుబాటు కదా అనుకున్నాను. తర్వాత ధూమగిరి నుంచి ఒకడు తప్పించుకుని వచ్చాడు. వాడన్నాడూ, ఆ కోటలో బూడిదగది ఉందట. పట్టుకున్నవాళ్లంతా అందులో నిద్రలో ఉంటారట. సగం ఊపిరి లాగి ఆ ఊపిరితోనే నీడను చేస్తాడట భస్మకేతుడు. మా తమ్ముడు కూడా అక్కడే పడుకుని ఉన్నాట్ట. ఉన్నట్టుండి ఒకనాడు, పడుకున్నవాడు పడుకున్నట్టే బూడిదైపోయాట్ట. ఏనాడని అడిగాను. నేను నెట్టిన నాడేనట. అడక్కుండా ఉండాల్సింది."

ఎన్ని ఇళ్లు, ఎంతమంది నీడలు. పీడ విరగడైందని ఊరు స్నానాలు చేసి ఇంటికి వచ్చిన ప్రతిసారీ, అవతల ఒక కన్నకొడుకు ఆరిపోయాడు. ఆర్పింది మేమే.

"అంటే మావాడు బతికే ఉన్నాడు," అన్నాను.

"ఉన్నాడు. ఈ నీడ ఉన్నంతకాలం."

"నీడ ఇంట్లో ఉంటే పసిబిడ్డ బతకదు."

"బతకదు. ఇంకో దారి ఉందని ఆ వచ్చినవాడు చెప్పాడు. నీడ తన ఇష్టంతో తిరిగి వెళ్లి, బూడిదగదిలో ఆ మనిషి పక్కన పడుకుంటే, ఊపిరి ఊపిరిలో కలుస్తుందట. మనిషి లేస్తాడు. నీడ ఉండదు. లాక్కెళితే కుదరదు, మాయచేసి తీసుకెళితే కుదరదు. ఒప్పుకుని రావాలి."

జీవితమంతా మనుషుల్ని ఒప్పించి బతికినవాణ్ని. అక్కర్లేనివాడికి అంటగట్టాను, ఇవ్వనన్నవాడి దగ్గర తెచ్చుకున్నాను. ఇప్పుడు నా ముందున్న బేరం ఇది. నన్ను వీపున మోసి నది దాటించినవాణ్ని, నువ్వు చచ్చిపో, ఇంకొకణ్ని నాకివ్వు అని అడగాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక వాకిట్లోకి వచ్చాను.

పొన్నాంబ బట్టీ ముందు కూర్చుని ఉంది. నా ముద్దను ఉండలు చేసింది, మారన ముద్దనూ ఉండలు చేసింది. రెంటికీ ఒకే కొలత పూర్ణం పెట్టింది. అంచులు ఒకేలా నొక్కింది. మీగడ ఒకేలా పూసింది. బట్టీలో రెండు వరుసలుగా పేర్చి మూత వేసింది. కాలుతున్న పిండి వాసన, కాగిన రేగుపండు వాసన వీధి చివరిదాకా వెళ్లింది. పండగనాటి వాసన. జనం తల వంచుకుని నిలబడ్డారు.

తీసేసరికి నా రొట్టెలు బంగారురంగులో విచ్చుకుని ఉన్నాయి. అడుగున తడితే డొల్లగా మోగాయి. వాడివి పెంకుల్లా ఉన్నాయి. పొన్నాంబ ఆ పెంకుల్లోంచి ఒకటి తీసుకుని, రెండు చేతులా విరిచి, ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమలడానికి చాలాసేపు పట్టింది.

"పూర్ణం బాగా పట్టిందిరా," అంది.

మారన తల్లి ముఖం వంక చూస్తూ కూర్చున్నాడు. గడప మీద నుంచి బిడ్డ జారి, పాకుతూ వాడి వైపు వచ్చింది. కుందన ఆపలేదు. బిడ్డ చెయ్యి చాచింది. వాడి చెయ్యి కూడా లేచింది, సగందాకా వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లింది. లేచి దూరంగా జరిగి నిలబడ్డాడు.

"ఎత్తుకో కుందనా. దాన్ని లోపలికి తీసుకెళ్లు."

"పేరు పెడతానన్నారు కదండీ."

"అతనొచ్చి పెడతాడు," అన్నాడు మారన.

కుందన బిడ్డను ఎత్తుకుని, గోడకు ఆనుకుని, అలాగే కిందికి జారిపోయింది. బట్టీ వెనక మేం అనుకున్నదంతా ఇటువైపు తల్లీకొడుకుల చెవిన పడిందని తెలిసింది. ఆ మాటతో నా బేరం నేను మొదలుపెట్టనక్కర్లేకుండా పోయింది. అందుకు సంతోషించలేకపోయాను.

"నాన్నా, చీకటి పడకముందే గుట్ట దాటేద్దాం," అన్నాడు.

ఓబన్న అడ్డం వచ్చాడు. అడ్డం రావాలి కనుక వచ్చాడు. "సెట్టెమ్మా, బట్టీ చల్లారేదాకానే నేను ఆగగలను. ఆ తర్వాత బల్లెం వేసుకుని వెనకపడాలి. ఊరు చూస్తోంది."

పొన్నాంబ లేచింది. గోడ పక్కనున్న తుమ్మమొద్దు తెచ్చి బట్టీలోకి తోసింది. ఇంకొకటి తోసింది.

"చల్లారినప్పుడు కదా ఓబన్నా," అంది. "నేనిక్కడే కూర్చుంటాను."

ఓబన్న కాసేపు నిప్పును చూశాడు. తర్వాత గోడ దాటి వెళ్లి, తన ఇంటి దొడ్లోంచి కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని తిరిగి వచ్చాడు.

*

నీలవేగను మళ్లీ వాడి వీపు మీదే దాటాను. వంతెన మేమే కోశాం కాబట్టి ఈసారి లోయలోకి దిగి ఎక్కాలి. దిగుతుంటే రాళ్లపాములు కాళ్లకు చుట్టుకున్నాయి. అవి రాళ్లలాగే ఉంటాయి, తొక్కితే పాములవుతాయి. మారన ముందు నడిచి, తన పాదాల కిందకే వాటిని రప్పించుకుని, నాకు దారి చేశాడు. కరిచినచోట బూడిద రాలింది. వాడు కిందికి చూసుకోలేదు.

ఎక్కుతూ సగంలో ఆగాం. అలిసిపోయింది నేను. మూట విప్పి పొంగురొట్టె ఇచ్చాను. నాది తీసుకోలేదు, తను చేసిన పెంకు తీసుకున్నాడు.

"దారంతా ఏదో అనబోయి మింగుతున్నారు," అన్నాడు. "నన్ను ఎలా ఒప్పించాలని అనుకున్నారో చెప్పండి. వినాలని ఉంది."

"ముందు మీ అమ్మ గురించి మాట్లాడదామనుకున్నాను. తర్వాత బిడ్డ గురించి."

"వరస మంచిదే. బిడ్డను ఆఖర్న పెట్టడం తెలివైన పని."

"మారనా."

"ఆ పేరు కూడా అతనిదే కదా." కొంచెం సేపు రొట్టె నమిలాడు. "అతను లేచాక నేను గుర్తుంటానా నాన్నా? నది, గద్దలు, పొద్దుటి వాకిలి."

"తెలియదు."

"కొనేవాడి ముందు తెలియదు అనకూడదని నేర్పింది మీరే."

"నువ్వు కొనేవాడివి కాదు."

"సరే. గుర్తులేకపోతే ఒక్కటి చెప్పండి. పొంగని రొట్టె అమ్మ తిన్నదని చెప్పండి. ఇంకేమీ చెప్పకపోయినా ఫర్వాలేదు."

చెబుతానన్నాను. ఇంతకంటే తేలికైన షరతు మీద ఇంతకంటే పెద్ద సరుకు నా చేతికి ఎన్నడూ రాలేదు. ఆ కొండ మీద కూర్చుని, తీసుకోను, వద్దు, వెనక్కి పోదాం అనడానికి నోరు తెరిచాను. బూడిదగదిలో నిద్రపోతున్నవాడు గుర్తొచ్చాడు. వాడూ ఇలాగే నవ్వుతాడు. నోరు మూసుకున్నాను.

ధూమగిరి సింహద్వారం ముందు నిలబడేసరికి పొగగద్దలు ప్రాకారమంతా బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. నా గడ్డంలో ఎరుపు సగం వెలిసిపోయింది, వేషం ఎవరినీ మోసగించే స్థితిలో లేదు. తలుపు మీది ముఖంలో కెంపులు రెండూ నిప్పుకణికల్లా వెలిగాయి.

"ఏం సరుకు?" అంది ఆ ముఖం, రాతి పెదవులు కదలకుండా.

జవాబు ముందే సిద్ధం చేసుకున్నాను. చెప్పబోయాను.

మారన నా ముందుకు వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి, చక్కగా మడిచి, నా చేతికిచ్చాడు.

"కోటదే," అన్నాడు తలుపు వైపు చూస్తూ. "తిరిగి ఇవ్వడానికి వచ్చాను."

తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల కిందికి దిగే మెట్లు కనిపించాయి. వాటి అడుగున తెల్లటి గది, అందులోంచి ఎంతోమంది నిద్రలో పీల్చే ఊపిరి. మా తల మీద ప్రాకారం పొడవునా గద్దలు ఒక్కసారిగా రెక్కలు విప్పాయి.

"నా వెనకే రండి నాన్నా," అన్నాడు వాడు. "దారి నాకు తెలుసు."